అర పాయింటు

మేముండే అపార్ట్‌మెంట్లో మొన్న ఆదివారం పిల్లలకి చదరంగం పోటీలు పెట్టారు. కింద పార్కింగులో కార్లన్నీ బయటికి తీయించి, టేబుళ్ళు వేసి, ఫ్యాన్లు పెట్టి నానా హడావిడి చేశారు. నేను కరివేపాకు కొనుక్కుని వస్తుంటే లిఫ్టు దగ్గర ఒకావిడ కొడుకుని నిలబెట్టి చివాట్లు పెడుతోంది. గెలిచే ఆటని డ్రా చేసుకొచ్చాడట.

"డ్రా అంటే ఏమనుకుంటున్నావు? ఓడిపోవడమే" అంటోంది.

నాకెందుకు ఊరుకోవాలనిపించలేదో తెలియదు. "అట్లా అనకండి. డ్రా అంటే చిన్న సంగతి కాదు. నేను చిన్నప్పుడు గుంటూరులో ఛాంపియన్‌తో డ్రా చేశాను" అన్నాను.

ఆవిడ నన్నూ, నా చేతిలో ఉన్న కరివేపాకు కట్టనీ చూసి, "అవునా ఆంటీ" అని లిఫ్టెక్కి వెళ్ళిపోయింది. నమ్మలేదు. పిల్లాడు మాత్రం తలుపులు మూసుకునేదాకా నావైపే చూశాడు. ఇది ఆ పిల్లాడి కోసం చెబుతున్నాననుకోండి.

మా ఊరు ప్రత్తిపాడు దాటి ఇంకాస్త లోపలికి పోతే వస్తుంది. నల్లరేగడి నేల. వానాకాలంలో నడిచామంటే చెప్పు ఒకచోట, కాలు ఒకచోట. చలి తగ్గే రోజుల నుంచి ఎండలు ముదిరేదాకా ఊరంతా ఎర్రగా ఉండేది. కల్లాలు చాలక డాబాల మీదా, రోడ్డు వారనా, ఎక్కడ జానెడు జాగా దొరికితే అక్కడ మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. ఊళ్ళోకి ఎవరైనా చుట్టాలు వస్తే వాళ్ళ తుమ్ములే ముందు వినిపించేవి. "ఎవరో వచ్చినట్టున్నారే" అని నాయనమ్మ అప్పటికప్పుడు ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసేది. మేం తుమ్మేవాళ్ళం కాదు. మాకు ఆ ఘాటు లేకపోతేనే ఊపిరి ఆడేది కాదేమో.

చదరంగం నాకు తాతయ్య నేర్పాడు. నేర్పాడనడం కంటే, ఆడటానికి మనిషి దొరక్క నన్ను కూర్చోబెట్టాడు అనడం సరైన మాట. తాతయ్యతో రోజూ ఆడే పక్కింటి పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో పర్చూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళంతా పేకాటకి మరిగారు. ఇక మిగిలింది నేను. వరండా గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, పెళ్ళినాటి కొయ్యపావులు పరిచేవాడు. వాటిలో ఒక గుర్రం ఎప్పుడో పోయింది. దాని బదులు ఒక ఎండు మిరపకాయ పెట్టేవాళ్ళం. నిలబడదు కాబట్టి పడుకోబెట్టేవాళ్ళం. పోయిన బంట్లకి బదులు పత్తిగింజలు. చదరంగంలో ఒక గుర్రం ఎప్పుడూ ఎర్రగా, పడుకునే ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను.

తాతయ్య నన్ను ఒక్కసారి కూడా గెలవనివ్వలేదు. "చిన్నపిల్ల కదయ్యా, ఒక్కాట పోనీ" అని నాయనమ్మ వంటింట్లోంచి అరిస్తే, "చిన్నపిల్లయితే చిన్నగా ఏడవమను" అనేవాడు. ఆయన ఆటకి ఆయన రూల్సే. రాజుకి కదలడానికి దారి లేకపోతే, ఎవరన్నా తరుముతున్నా తరమకపోయినా ఆట కట్టినట్టే. పావులు ఎత్తెయ్యడమే. పుస్తకంలో దానికి వేరే న్యాయం ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా హైస్కూల్లో రోజూ సాయంత్రం ఆఖరి గంట ఆటల పీరియడు. దాన్ని కాపాడుకుంటూ వచ్చిన మనిషి మా డ్రిల్లు మాస్టారు. పొట్టిగా, గట్టిగా, మెడలో ఈలతో ఉండేవాడు. ఒకప్పుడు కబడ్డీలో పేరున్న మనిషి. ఆయనకి లోకంలో అన్నీ కబడ్డీలాగే కనిపించేవి. ఎవరింట్లోనైనా సంబంధం కుదిరిందంటే "పట్టు బాగా పట్టారు" అనేవాడు. కుదరలేదంటే "గీత దాటనిచ్చారు" అనేవాడు. ఇక హెడ్మాస్టారు లెక్కల మనిషి. ఆటల పీరియడ్ని చూస్తే ఆయనకి పత్తి చేలో కలుపుని చూసినట్టుండేది.

ఒకరోజు పొద్దున ప్రార్థన అయ్యాక హెడ్మాస్టారు మైకు తీసుకున్నాడు.

"ఈ ఏడాది మన బడి కబడ్డీలో తెచ్చింది సున్నా. ఖోఖోలో సున్నా. వాలీబాల్లో సున్నా. అన్నీ కలిపితే ఎంత?"

"సున్నా సార్!" అని మేమంతా ఉత్సాహంగా అరిచాం. జవాబు తెలిసిన ప్రశ్న ఆయన అడగడం అరుదు.

"గుంటూరులో చదరంగం పోటీలున్నాయట. అదొక్కటే మిగిలింది. అక్కడా సున్నా తెచ్చారా, వచ్చే వారం నుంచి ఆటల పీరియడ్‌లో లెక్కలు."

అప్పుడు మాత్రం ఎవరూ అరవలేదు.

డ్రిల్లు మాస్టారు ఆ రోజు తరగతి తరగతికీ తిరిగి, "చదరంగం ఎవరికొచ్చు?" అని అడిగాడు. మా ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు నా పక్కన కూర్చునే పిల్ల నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"గుర్రం ఎట్టా నడుస్తదే?" అన్నాడు మాస్టారు.

"రెండు గళ్ళు ముందుకీ, ఒక గడి పక్కకీ సార్."

"చాల్లే, సెలెక్టయ్యావు. నాకంటే నీకే ఎక్కువ తెలుసు."

ఆ మధ్యాహ్నం నుంచి నా బతుకే మారిపోయింది. పదో తరగతి అన్నలు నా పుస్తకాల సంచి ఇంటిదాకా మోసేవాళ్ళు. ఆడపిల్లలు రేగిపళ్ళు దంచి చేసిన రేగొడియాలూ, జీళ్ళూ తెచ్చి జేబులో కుక్కేవాళ్ళు. ఎండలో నిలబడితే "నీడకి రా, బుర్ర వేడెక్కుద్ది" అని లాక్కెళ్ళేవాళ్ళు. వాళ్ళందరి సాయంత్రాలూ నా చేతిలో ఉన్నాయని తలుచుకుంటే నాకు రేగొడియం మింగుడు పడేది కాదు. పడలేదన్నమాటే గానీ, ఒక్కటీ మిగల్చలేదు.

గుంటూరు ప్రయాణం అనగానే నాయనమ్మ అడ్డం కూర్చుంది.

"ఆడపిల్లని ఒక్కదాన్నే పంపిస్తారంటయ్యా అంత దూరం? నేనూ వస్తా."

"నీకు చదరంగం ఏం తెలుసని?" అన్నాడు తాతయ్య.

"నాకు గుంటూరు తెలుసు" అంది నాయనమ్మ. అసలు సంగతేమిటంటే ఆవిడ గుంటూరు చూసి చాలా ఏళ్ళయింది.

ముందు రోజు మా కల్లంలో కూలీలు చాల్లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని తాలుకాయలు ఏరాం. తాలుకాయలంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు. అవి కలిస్తే మంచి కాయకి కూడా ధర పడిపోతుంది. సాయంత్రం దాకా ఏరిన చేతులు ఎంత కడిగినా ఘాటు పోదు. మాకది అలవాటే. ఆ చేతులతో అన్నం తినేవాళ్ళం, జడ వేసుకునేవాళ్ళం, కన్ను మాత్రం ముట్టుకునేవాళ్ళం కాదు. మా ఊళ్ళో పిల్లలకి అఆల కంటే ముందు ఆ పాఠం చెప్పేవాళ్ళు.

తెల్లారి మేం ముగ్గురం సెంటర్లో నిలబడితే రావలసిన బస్సు రాలేదు. గుంటూరు యార్డుకి పోతున్న మిరపకాయల లారీ వచ్చింది. డ్రైవరు మా ఊరివాడే. నన్నూ నాయనమ్మనీ ముందు ఎక్కించుకున్నాడు. వెనక చోటు చాలక అక్కడ కూడా రెండు టిక్కీలు వేసి ఉన్నాయి. టిక్కీ అంటే కాయని తొక్కి తొక్కి నింపిన గోనె బస్తా. వాటి మీదే కూర్చున్నాం. మాస్టారు వెనక బస్తాల కొండ మీదకెక్కాడు. గుంటూరులో దిగేసరికి ఆయన తెల్లచొక్కా గులాబీ రంగుకి తిరిగింది. మా ఊరికి ఎన్నో ఏళ్ళుగా అలవాటు పడ్డ మనిషి, దిగీ దిగగానే తుమ్మడం మొదలుపెట్టాడు.

"ఏం కాదు," అన్నాడు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య. "మ్యాచ్ ముందు ఒళ్ళు వేడెక్కాలి."

పోటీలు ఒక కల్యాణమండపంలో. అంతకు ముందు రోజే పెళ్ళి జరిగినట్టుంది, వాడిన మల్లెపూల వాసనా, సాంబారు వాసనా కలిసి వస్తున్నాయి. పెళ్ళిపీటల వేదిక ముందు బల్లలు వరసగా వేసి, ప్రతి బల్ల మీదా ఒక బోర్డు పెట్టారు. అన్ని గుర్రాలూ నిలబడే ఉన్నాయి. ఆడపిల్లలు తక్కువ వచ్చారని మమ్మల్ని మగపిల్లల్లోనే కలిపేశారు. చిన్న చిన్న గుంపులు చేసి, గుంపులో అందరూ అందరితో ఆడాలన్నారు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర, ఓడితే సున్నా.

పొద్దుటి ఆటల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి అబ్బాయి నేను కూర్చుని పరికిణీ సర్దుకునేలోపు నా రాజుని పట్టేశాడు. రెండో ఆటలో పక్కన రెండు ముఖాల గడియారం పెట్టారు. ఎత్తు వేసినప్పుడల్లా దాని నెత్తి మీద నొక్కాలట. నేను దాని వైపు చూస్తూ ఆట సంగతే మరిచిపోయాను. మూడో ఆటలో కాస్త నిలబడ్డాను, కానీ నిలబడి ఓడిపోయాను.

మాస్టార్ని లోపలికి రానివ్వలేదు. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి ఏమీ అర్థం కాకపోయినా ఊరుకోలేకపోయేవాడు. ఎవరిదైనా పావు నా వైపు వస్తే చాలు, "కాలు పట్టుకో! పట్టుకుని లాగు!" అని కేక పెట్టేవాడు. ఒకసారి హాలంతా తిరిగి చూసింది. కళ్ళద్దాలకి తాడు కట్టుకున్న సన్నటి పెద్దాయన ఒకాయన ఆ పోటీలకి నిర్ణేత. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నోటి మీద వేలు వేసి చూపించి వచ్చాడు.

మధ్యాహ్నం మండపం మెట్ల మీద కూర్చుని నాయనమ్మ క్యారేజీ తెరవబోయి ఆగింది. మాస్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆయన ఆమెన్ అనేదాకా ఆగి, అప్పుడు మూత తీసింది. పైగిన్నెలో గోంగూర, కింద పెరుగన్నం, చిన్నగిన్నెలో విడిగా పెరుగు, విస్తరాకు పొట్లంలో వేయించిన ఊరమిరపకాయలు.

"ఇంకెన్ని ఆటలున్నయ్ మాస్టారూ?" అంది.

"ఒక్కటే అమ్మా. అది కూడా..." అని ఆయన ఆగిపోయాడు.

ఆ ఆట ఛాంపియన్‌తో. కిందటేడు పిల్లల పోటీలన్నీ గెలిచినవాడు. పొద్దుట్నించి మా గుంపులో అందర్నీ నములుకుంటూ వస్తున్నాడు.

నాయనమ్మ ఆయనకి ఇంకో ముద్ద వడ్డించింది. "అయితే మీ ప్రభువుక్కూడా ఒక మాట చెప్పండి. మా ఆంజనేయస్వామి ఒక్కడికే భారమయ్యేట్టుంది" అంది. మాస్టారు ముద్ద పక్కన పెట్టి నిజంగానే మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఛాంపియన్ నాకంటే చిన్నవాడు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందేవి కావు. వాళ్ళమ్మ వాడి కింద దిండు వేసి, పక్కన నీళ్ళ సీసా పెట్టి, నానబెట్టి పొట్టు తీసిన బాదంపప్పులు డబ్బాలో పెట్టి వెళ్ళి గోడవారన కూర్చుంది. వాడు పెద్దమనిషిలా నాకు చెయ్యిచ్చి, "మీ రేటింగ్ ఎంత అక్కా?" అన్నాడు.

మా ఊళ్ళో రేటు అంటే ఒకటే రేటు. "ఈ వారం కొంచెం పడిందంట. తాలు అయితే మరీ తక్కువ" అన్నాను.

వాడు గంభీరంగా తలూపాడు. ఈమె ఎవరో పెద్ద ప్లేయరే అనుకున్నాడేమో, మొదటి కొన్ని ఎత్తులు చాలా జాగ్రత్తగా వేశాడు. తర్వాత నా ఏనుగు ఊరికే దొరికేసరికి వాడికి విషయం అర్థమైంది. అక్కణ్ణుంచి గబగబా తినేశాడు. నా గుర్రాలు పోయాయి, శకట్లు పోయాయి, మంత్రి పోయాడు. బంట్లు పత్తిగింజల్లా రాలిపోయాయి. చివరికి నా రాజు ఒక్కడే మిగిలాడు. వాడి దగ్గర రాజు, మంత్రి, ఇంకా రెండు బంట్లు.

"రిజైన్ చెయ్యొచ్చు కదా అక్కా" అన్నాడు మర్యాదగానే.

రిజైన్ చెయ్యడమంటే ఉద్యోగం మానెయ్యడమని మాత్రమే నాకు తెలుసు. నాకు ఉద్యోగం లేదు. అందుకని "నేను చెయ్యను" అన్నాను. మా తాతయ్య ఆటలో మధ్యలో లేవడం అనేదే ఉండేది కాదు. కిటికీలోంచి మాస్టారు గొంతు వినిపించింది. "కూత ఆపొద్దే! కూత ఆపొద్దు!" ఊపిరి ఉన్నంత సేపూ ఆటలో ఉన్నట్టేనని ఆయన ఉద్దేశం.

సరే, నేను ఒంటి రాజుతో పరిగెత్తడం మొదలుపెట్టాను. వాడు రెండు మూడు ఎత్తుల్లో ముగించగలిగేవాడే. కానీ చుట్టూ పిల్లలు మూగారు. తమ ఆటలు అయిపోయినవాళ్ళంతా ఛాంపియన్ని చూడటానికి వచ్చారు. వాడికి ఊపొచ్చింది. ఒక బంటుని చివరిదాకా నడిపించి రెండో మంత్రిని చేశాడు. మంత్రి బొమ్మని పక్క బల్ల మీదనుంచి అరువు తెచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా రాజు గళ్ళన్నీ దాటుకుంటూ పోయి పోయి, చివరికి వాడి వైపు మూలలోనే దూరాడు. దొంగ ఎవరింట్లో దూరితే వాళ్ళ గాదె చాటునే దాక్కున్నట్టు. రాజు ముందు వరసంతా వాడి మంత్రి కాపలా. పక్కన ఒకే ఒక్క గడి ఖాళీగా ఉంది. నేను ఆ గడికీ మూలకీ మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఈలోగా వాడు కళ్ళు నులుముకోవడం చూశాను. ఆట మొదలైనప్పట్నించీ నేను ముట్టుకున్న పావులే వాడూ ముట్టుకుంటున్నాడు. "కళ్ళు ముట్టుకోకు" అన్నాను మెల్లిగా. వాడు వినిపించుకోలేదు. వాడి చూపంతా రెండో బంటు మీద ఉంది.

నా రాజు మూలలో ఉన్నప్పుడు వాడు ఆ బంటుని ఆఖరి గడిలోకి తోశాడు. మూడో మంత్రి! ఈసారి చుట్టుపక్కల ఎక్కడా మంత్రి బొమ్మ దొరకలేదు. వాడు తన నీళ్ళ సీసా మూత తీసి ఆ గడిలో పెట్టాడు. పిల్లలు పగలబడి నవ్వారు. వాడూ నవ్వి గడియారం నొక్కాడు.

నేను ఎత్తు కోసం చూశాను. ఆ సీసా మూత అటు చివరి నుంచి నిలువునా చూస్తోంది. నా ఒక్క ఖాళీ గడీ దాని చూపులో పడింది. నా రాజుని ఎవరూ తరమడం లేదు, కానీ పక్కకి అడుగు పెట్టడానికి చోటు లేదు. ఎంతసేపు చూసినా లేదు. తాతయ్య లెక్క ప్రకారం నా పని అయిపోయింది.

"కదపడానికి ఏమీ లేదు" అన్నాను. ఆటల పీరియడు, పదో తరగతి అన్నలు, రేగొడియాలు, అందరూ కళ్ళముందు వరసగా నడిచారు.

ఛాంపియన్ నవ్వు ఆగిపోయింది. బోర్డు వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. వాడి కింది పెదవి వణకడం మొదలైంది. ఓడిపోయింది నేనయితే వీడెందుకు ఏడుస్తున్నాడో నాకు అంతుపట్టలేదు.

నిర్ణేత వచ్చి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, చాలాసేపు వంగి చూసి, "డ్రా" అన్నాడు. "రాజుకి చెక్ లేదు, కదలడానికి దారీ లేదు. డ్రా. చెరి అర పాయింటు."

కిటికీలోంచి ఈల మోగింది. నిండు హాల్లో, పిల్లలు ఆలోచించుకుంటున్న చోట, కబడ్డీ ఫైనల్లో ఊదినట్టు ఊదాడు మాస్టారు. ఎవరో ఉలిక్కిపడి బోర్డు పడేశారు.

అప్పుడు లేచింది ఛాంపియన్ వాళ్ళమ్మ. వాడి కళ్ళు అప్పటికి దొండపండ్లలా అయిపోయాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"ఇదేంటండీ ఇది? ఈ అమ్మాయి చేతులనిండా కారం! మా వాడికి కళ్ళు కనిపించకుండా చేసి డ్రా అంటారా? ఇది చెల్లదు!"

నాయనమ్మ ఎటునుంచి వచ్చిందో వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. "ఏందమ్మా, చేతులకి కారం ఉంటే అదేమన్నా దొంగ సరుకా? మా పిల్ల నిన్నంతా కాయలు ఏరింది. మీ ఇంట్లో కూరల్లోకి వచ్చేది ఆ కారమే."

నిర్ణేత తన దగ్గరున్న నిబంధనల పుస్తకం తిరగేశాడు. మిరపకాయల గురించి అందులో ఏమీ లేదు. నా చేతులు తనూ ఒకసారి వాసన చూసి గట్టిగా తుమ్మాడు. ఆ తుమ్ముతో నా కథ ముగిసిందనుకున్నాను. అర పాయింటు రావడమూ పోవడమూ ఒక్క నిమిషంలోనే జరిగిపోతోంది. కిటికీలో మాస్టారు ఊచలు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు.

నిర్ణేత పిల్లాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాన్నా, నిజం చెప్పు. ఆఖరి ఎత్తు వేసేటప్పుడు నీకు బోర్డు కనిపించిందా?"

"కనిపించలేదని చెప్పు" అంది వాళ్ళమ్మ.

వాడు ఒక కన్ను మూసి, ఒక కన్నుతో నావైపు చూశాడు. ముక్కు చొక్కాకి తుడుచుకున్నాడు. "కనిపించింది సార్" అన్నాడు. "రెండు మంత్రులు చాలు సార్. మూడోది కూడా కావాలనిపించింది."

వాళ్ళమ్మ కొడుకు మొహం చూసి కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత వాడు నిజం చెప్పిన ధైర్యమంతా ఖర్చయిపోయినట్టు భోరుమన్నాడు. ఏడుస్తూ కళ్ళు ఇంకా నులిమాడు. మంట ఎక్కువై గంతులు వెయ్యడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ సీసాలో నీళ్ళు మొహాన కొట్టబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు పోస్తే ఇంకా మండుద్దమ్మా! ఇటు తే బిడ్డని."

సంచిలోంచి ఉతికిన గుడ్డ తీసి, చిన్నగిన్నెలో మిగిలిన పెరుగులో ముంచి, వాడి మూసిన రెప్పల మీద పరిచింది. గుంటూరు పిల్లల ఛాంపియన్ పెళ్ళివేదిక మెట్ల మీద వెల్లకిలా పడుకుని, కళ్ళ మీద పెరుగుగుడ్డతో, నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. కాసేపటికి మంట తగ్గింది. ఆ గుడ్డ కిందనుంచే, "ఏదో మంచి వాసన వస్తోంది, ఏంటది?" అన్నాడు.

"ఊరమిరపకాయ నాన్నా. నీకొద్దులే."

"కావాలి."

బాదంపప్పులు పక్కన పెట్టి వాడు మా పెరుగన్నం గిన్నె ఖాళీ చేశాడు. ఊరమిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకోటి అడిగాడు. వాళ్ళమ్మ మొదట దూరంగా నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి, ఇంకాసేపటికి తనూ మెట్ల మీద కూర్చుని, మజ్జిగలో ఎన్ని రోజులు ఊరెయ్యాలో నాయనమ్మని అడిగింది. వెళ్ళేటప్పుడు వాడు నాకు మళ్ళీ చెయ్యివ్వబోయి, ఏదో గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుని దణ్ణం పెట్టాడు.

ఇంటికొచ్చాక తాతయ్య ఆట మొత్తం చెప్పించుకున్నాడు. సుద్దముక్కతో గళ్ళు గీసి, రాజుని మూలలో పెట్టి చూశాడు.

"రాజుకి దారి లేదు కదే. ఓడిపోయావు" అన్నాడు.

"డ్రా తాతయ్యా. అర పాయింటిచ్చారు."

"వాళ్ళు ఏమన్నా ఇస్తారు. ఓడిపోయావు."

"ఎవరూ గెలవలేదంటయ్యా, ఎవరూ ఓడలేదంట. ఎవరి పెరుగన్నం వాళ్ళు తిని వచ్చాం" అని నాయనమ్మ మధ్యలో దూరింది. వాడే మా పెరుగన్నం తిన్నాడన్నది ఆవిడకి గుర్తు రాలేదు. తాతయ్య చివరిదాకా ఒప్పుకోలేదు. నా పెళ్ళిలో మా ఆయనతో కూడా, "గుంటూరులో డ్రా అని చెబుద్ది, నమ్మమాక" అన్నాడు.

మర్నాడు ప్రార్థన అయ్యాక హెడ్మాస్టారు మైకు తీసుకుని, "ఏం డ్రిల్లు మాస్టారూ, ఎన్ని?" అన్నాడు.

"అర అండీ" అన్నాడు మాస్టారు.

"అరా?"

"అర పాయింటండీ. మీరు సున్నా తేవద్దన్నారు. అర అంటే సున్నా కాదు కదండీ."

"పాయింటంటే పాయింటు. అర ఏంటయ్యా, అర?" హెడ్మాస్టారు గడ్డం గోక్కున్నాడు. ఆయన మొహంలో లెక్కల పీరియడు కదలడం మాకందరికీ కనిపించింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది. తొమ్మిదో తరగతి రెండోసారి చదువుతున్న ఒక అన్న గొంతు అది. లెక్కల్లో వాడికి ఎప్పుడూ రెండంకెల మార్కు వచ్చింది లేదు.

"సార్! సవరింపుల్లో సగం వస్తే పైకి తీసుకోమని మీరే చెప్పారు సార్! అర అంటే ఒకటి సార్!"

"ఎవడ్రా అది?"

వాడు లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టారు వాడిని పై నుంచి కింది దాకా చూశాడు. అన్నేళ్ళలో ఆయన చెప్పిన లెక్క ఒకటి వాడి బుర్రలో నిలబడిందని తెలిసింది అప్పుడే. దాన్ని కాదనడానికి ఆయనకి మనసొప్పలేదు.

"కరెక్టే," అన్నాడు చివరికి. "ఒకటి. ఆటల పీరియడు ఉంటుంది."

ఇప్పుడా బడి లేదు. పిల్లలు తగ్గిపోయారని దాన్ని ప్రత్తిపాడు బడిలో కలిపేశారు. కాయ ఇప్పుడు కల్లాల్లో కంటే కోల్డ్ స్టోరేజీల్లోనే ఎక్కువ కాలం ఉంటోంది. తాతయ్య వెళ్ళిపోయాడు, ఆయన వెనకే నాయనమ్మ. డ్రిల్లు మాస్టారు పొన్నూరులో కొడుకు దగ్గర ఉన్నాడని, సరిగ్గా కనిపించకపోయినా టీవీలో కబడ్డీ వస్తే గొంతు మాత్రం అలాగే ఉందని ఎవరో చెప్పారు. ఛాంపియన్ ఏమయ్యాడో తెలియదు. పెద్ద ఆటగాడు అయ్యాడో లేదో గానీ, మంచివాడే అయ్యుంటాడు.

ఆ సాయంత్రం మాత్రం నాకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆఖరి గంట కొట్టారు. మాస్టారు ఈల ఊదాడు. తరగతులన్నీ ఒక్కసారి తెరుచుకుని పిల్లలంతా గ్రౌండులోకి దూకారు. నా సంచి మోసిన అన్నలు, జీళ్ళిచ్చిన పిల్లలు, అందరూ నన్ను రాసుకుంటూ పరిగెత్తిపోయారు. ఒక్కరూ ఆగలేదు, ఒక్కరూ నా వైపు చూడలేదు. అప్పుడే వాళ్ళకి నేనెవరో గుర్తు లేదు. ఖోఖో గుంజల దగ్గర ఎవరో అరుస్తున్నారు, ఎవరో పడ్డారు, దుమ్ము లేచింది. నేను మెట్ల మీద నిలబడి ఊరికే చూస్తూ ఉండిపోయాను. నాకెందుకో నవ్వు ఆగడం లేదు.

"ఏమే, అక్కడ నిలబడ్డావేందే?" అని మాస్టారు దూరంనుంచి కేక పెట్టాడు. "కబడ్డీలో ఒక మనిషి తక్కువయ్యారు. పరిగెత్తు!"

పరిగెత్తాను. అందరికంటే ముందు అవుటయ్యాను.